బూరె అక్షరం

‘ద’ పొట్టలోకి రంగు జారకుండా కుంచెను మునివేళ్ల మధ్య తిప్పి, చివరను గుండ్రంగా ఒత్తి, పైకి లేపాడు కమాల్ బాషా. అప్పుడు ఊపిరి వదిలాడు. రేకు మీద అక్షరాలు ఎర్రగా నిగనిగలాడుతూ, అప్పుడే నూనెలోంచి తీసిన బూరెల్లా పొంగి కూర్చున్నాయి. ‘వందనం’ అన్న మాటకు ఒళ్లు మాత్రం వచ్చింది. తలకట్లు ఇంకా పెట్టలేదు.

“అన్నా, వాటికి తలకాయలు ఎప్పుడు పెడ్తావు?” వీధి అవతల టీ అంగట్లోంచి లీలమ్మ అరిచింది. ఆ రేకు ఆమెదే.

“ఒళ్లు ఆరనీ తల్లీ. ఆరకముందే పెడ్తే తలకాయ జారి కాళ్లకాడికొస్తాది.”

“మా ఇంటాయప్పకు దేవుడు ఆరకముందే పెట్టినట్టుండాడు.”

టీ తాగుతున్నవాళ్లు గొల్లుమన్నారు. కమాల్ కూడా నవ్వాడు. నవ్వుతూనే వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకసారి కళ్లతో తడిమాడు. అది అలవాటు. ప్రొద్దుటూరులో పాత బస్టాండు వెనక ఆ వీధిలో అతను అంగడి పెట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు. ఎవరి బండి వచ్చింది, ఎవరు దిగారు, దిగినవాడి చెయ్యి తుండుగుడ్డ కింద ఉందా బయట ఉందా. స్వతహాగా పిరికివాడు. పెళ్లి ఊరేగింపులో టపాకాయ పేలితే కుంచె కింద పడేస్తాడు. సన్నటి మనిషి, కుడి భుజం ఎడమదానికన్నా కాస్త పైకి ఉంటుంది. గోరింటాకు పెట్టిన గడ్డం. బొటనవేలి గోరులో ఎర్ర రంగు ఏ కిరసనాయిలుకూ పోలేదు.

ఆ అక్షరం అతనిదే. ఉస్తాదు నేర్పింది కాదు. ఉస్తాదు సినిమా బోర్డులు రాసేవాడు. ఆయన గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం, కొసలన్నీ కత్తిమొనలు. చూడ్డానికి వీరంగంగా ఉండేది. ఊళ్లలో రాతిగోడల మీద రాస్తే మాత్రం మొదటి వానకే మొనలు రాలిపోయేవి. పైగా కమాల్ తల్లి జానీబీకి కళ్లలో పొర వచ్చింది. బస్టాండులో నిలబడి, బస్సు ముందుకొచ్చి ఆగినా పేరు కనిపించక వదిలేసుకునేది. ఆమె కోసం పలకల మీద, అట్టల మీద రాసి రాసి చూశాడు. మొదలు నుంచి చివర దాకా గీత ఒకటే లావు. కొసలన్నీ బొటనవేలి చివరలా గుండ్రం. లావు పెంచితే అక్షరం పొట్ట మూసుకుపోతుంది కాబట్టి పొట్టను కూడా వెడల్పు చేశాడు. మాట మొత్తానికి ముందు ఒళ్లు రాసి, వెనక్కి నడిచి, దూరం నుంచి చూసి, అప్పుడు ఒకే ఊపున తలకట్లన్నీ పెడతాడు. అన్నిటి వాలూ ఒకటిగా రావాలంటే అదొక్కటే దారి.

ఒకరోజు జానీబీ వీధి ఆ చివర నుంచి చదివేసింది. ఆనాటి నుంచి అతను బూరెల కమాల్ అయ్యాడు.

ఎరువుల అంగడికీ ఆ అక్షరమే, ఆస్పత్రికీ అదే, మిషన్ బడి గోడకూ అదే. మసీదు సందులో నీళ్ల తొట్టికీ అదే. ఎలక్షన్లు వస్తే రెండు పార్టీల గోడలకూ అదే. ఆ ప్రాంతంలో పార్టీ అంటే ఢిల్లీలోదో హైదరాబాదులోదో కాదు. ఊళ్లో ఎవరి మిద్దె పక్క నిలబడ్డావన్నదే పార్టీ. రెండు పక్కలా గోడలు రాసి బతికి ఉండటానికి కమాల్ రెండు నియమాలు పెట్టుకున్నాడు. రాసేదాన్ని చదవకూడదు, గీతలు మాత్రమే చూడాలి. రాయించేవాడి ముఖం చూడకూడదు, వేలు చూపించిన చోటు మాత్రమే చూడాలి.

ఎండ రేకు మీదికి పాకుతుండగా తెల్ల జీపు వచ్చి అంగడి ముందు ఆగింది.

స్టీరింగ్ దగ్గర ఉన్నది లీలమ్మ మొగుడు సామ్యూల్. జమ్మలమడుగు చెన్నక్రిష్ణారెడ్డి దగ్గర డ్రైవరు. రెడ్డికి అచ్చం ఒకేలాంటి జీపులు మూడు ఉన్నాయి. మూడూ తెల్లవే, మూడింటికీ మట్టిరంగు గుడ్డ టాపే. పేరు లేదు, బొమ్మ లేదు, అద్దానికి నిమ్మకాయ కూడా కట్టరు. నంబరు పలకల మీద ఎప్పుడూ బురద. మూడూ కలిసి బయల్దేరి దారిలో ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. రెడ్డి దేంట్లో ఉన్నాడో ఎక్కే దాకా ఎవరికీ తెలియదు. ఆ మనిషి ఇన్నేళ్లు బతికింది అలాగే. ఆయన ఎక్కిన బండిని తోలేది మాత్రం సామ్యూలే.

“ఏం మామా, మా ఇంటిదాని బోర్డు ఇంకా మొండేలతోనే ఉండాది?” సామ్యూల్ దిగుతూనే అందుకున్నాడు. లావుపాటి మనిషి. నవ్వితే భుజాలు కూడా నవ్వుతాయి.

పక్క సీటు నుంచి నాగిరెడ్డి దిగాడు. చెన్నక్రిష్ణారెడ్డి అక్క కొడుకు. ఆ ఇంట్లోనే పెరిగాడు. మడత నలగని తెల్లబట్టలు, మెత్తటి గొంతు.

“కమాలూ, మా అవ్వ పేరు రాయల్లా. నరసమ్మ. ఎలక్షన్ల ముందర మామకు ఆయమ్మ మీదికి మనసు పోయింది. నీ బూరె అక్షరమే కావల్లంట. తెల్ల రంగు.”

“యాడప్పా?”

“ముందర బానెట్ మీద. ఇంకొకటి టాపు మీద. టాపు మీద పెద్దగా.”

కమాల్ చేతిలోని సుద్దముక్క ఆగింది. “టాపు మీద ఎవురు సూస్తారప్పా? కాకులా?”

సామ్యూల్ నవ్వాడు. నాగిరెడ్డి నవ్వలేదు.

“పైనుంచి మా అవ్వ సూస్తాది. రాయి.”

కమాల్ రాశాడు. బానెట్ మీద మొదట, తర్వాత నిచ్చెన వేసుకుని టాపు మీద. సుద్ద పూసిన దారం లాగి కొట్టి, గీత వేసుకుని, న, ర, స, మ్మ ఒళ్లు దిద్ది, కిందికి దిగి వీధి చివర దాకా నడిచి చూసి, మళ్లీ ఎక్కి తలకట్లు పెట్టాడు. నాలుగూ ఒకే వాలు. ఎప్పటిలాగే చదవలేదు, గీతలే చూశాడు. మంచి పని. చిన్న పేరు కావడంతో ఒక్కో అక్షరం పళ్లెమంత వచ్చింది.

“ఎంత దూరం నుంచి కనపడ్తాది?” నాగిరెడ్డి అడిగాడు.

“గుడ్డోళ్లకు తప్ప అందరికీ కనపడ్తాదప్పా,” అన్నాడు కమాల్ గర్వంగా. ఆ మాట తర్వాత ఆ రోజంతా అతని గొంతులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

అంతలో ఒక మోటారు సైకిలు వచ్చి ఎదురుగా, కట్టుబడి ఆగిపోయిన మిద్దె దగ్గర నిలిచింది. దాని మీది మనిషి ఎవరితోనూ మాట్లాడకుండా మెట్లెక్కి పైకప్పు మీదికి పోయాడు. పిట్టగోడ దగ్గర నిలబడి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, కిందున్న జీపు టాపును చూశాడు. దిగివచ్చాడు. నాగిరెడ్డి పక్కగా పోతూ ఒక్క మాట అన్నాడు.

“కనపడ్తాంది.”

కమాల్ చూడకూడదనుకున్నాడు. చూశాడు. ఆ మనిషి గడ్డం కింద చర్మం కాలి, మైనంలా మెరుస్తోంది. పోయిన వానాకాలం మైలవరం అవతల ఊళ్లో గోడలు రాస్తుంటే చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చింది ఈ మనిషే. గడ్డానికి ఏమైందని అడిగితే, ఈ దీపావళికే కాలిందని చెప్పి పక్కవాళ్లతో కలిసి నవ్వాడు. అప్పటికి దీపావళి ఇంకా రానే లేదు. ఆ ఊరు చెన్నక్రిష్ణారెడ్డికి ఎదుటి పార్టీ ఊరు. ఆ మనిషి పని నాటుబాంబులు చుట్టడం.

ఎదుటి పార్టీవాడు రెడ్డి మేనల్లుడి పక్కన నిలబడి, రెడ్డి జీపు టాపును మిద్దె మీంచి చూసి, కనపడుతోందని చెప్పి వెళ్లాడు.

కమాల్ నిచ్చెన పట్టుకుని నిలబడిపోయాడు. టాపు మీద పేరు కాకులకు కాదు, అవ్వకూ కాదు. కొండ మీద కూర్చున్నవాడికి.

“రంగు ఆరినాంక సామ్యూలు తోలుకొస్తాడు,” నాగిరెడ్డి చెబుతున్నాడు. “సాయంత్రం పులివెందుల్లో మీటింగు. మామ ఈపొద్దు అవ్వ పేరుండే బండే ఎక్కుతాడు.” అంగడి లోపలి రంగు డబ్బాలన్నీ ఒకసారి కలియజూశాడు. “నీకు ఇంట్లో ఎవురెవురుండారు కమాలూ?”

“నేనూ... మా అమీనాబీ.”

“మంచిది.”

నాగిరెడ్డి సందు మలుపు దాకా నడిచి, అక్కడ ఆగి ఉన్న ఆ మోటారు సైకిలు వెనకాల ఎక్కాడు. వాళ్లు పోయారు. పైకప్పు మీది చెయ్యి, కళ్లకు అడ్డం పెట్టిన ఆ చెయ్యే కళ్లముందు ఆడుతోంది. జమ్మలమడుగు నుంచి పులివెందులకు పోవాలంటే ముద్దనూరు దారి. ఆ దారిలో కొండ మలుపు. పైన కూర్చున్నవాడికి కింద మూడు తెల్ల జీపులు. ఇన్నేళ్లూ ఏది అని తేల్చుకోలేక చేతిలో బాంబు చేతిలోనే పెట్టుకుని వెనక్కిపోయిన మనుషులు. ఈ రోజు ఏ జీపో తానే రాసి చూపించాడు. పొర కమ్మిన కళ్లకు కూడా కనబడేలా. ఆ జీపులో రెడ్డి ఒక్కడే ఉండడు.

సామ్యూల్ టీ అంగడి బల్ల మీద కూర్చుని, ఉడికిన శెనగలు నములుతూ పెళ్లాంతో పరాచికాలాడుతున్నాడు. కమాల్ వెళ్లి పక్కన కూర్చున్నాడు. చెప్పేస్తే? సామ్యూల్ నోట్లో మాట నిలవదు. నేరుగా పోయి రెడ్డితో చెబుతాడు. పొద్దు గుంకేలోగా ఆ ఇంటి వాకిట్లోనే నెత్తురు పారుతుంది. చెప్పింది ఎవరని అడుగుతారు. పేరు తుడిచేస్తే? నాగిరెడ్డికి ఆ క్షణమే తెలుస్తుంది. ఇంకో చోట, ఇంకో పెయింటరుతో రాయిస్తాడు.

“సామ్యూలూ.” “ఈపొద్దు పోకపోతే ఏమైతాది? కడుపునొప్పి అను.”

“ఎందుకు మామా?”

“ఊరికే. మొగం శానా పీక్కపోయినట్టుండాది నీది.”

“నా మొగమా!” సామ్యూల్ తన చెంపలు రెండు చేతులతో పట్టుకుని లీలమ్మకు చూపించాడు. “యాడ పీక్కపోయిందో సూడే. మామా, నాకు కడుపునొప్పంటే బండి ఆగుతాదా? తాళాలు దావూద్‌కిస్తారు. వానికి గూడా నొప్పొస్తే వలి బాషాకిస్తారు. బండి పోయేది పోతాది.”

నిజమే. సామ్యూల్‌ను దింపితే ఆ సీట్లో ఇంకొకడు కూర్చుంటాడు. వాడికీ ఇంట్లో అన్నం పెట్టుకుని ఎదురుచూసేవాళ్లు ఉంటారు.

అమీనాబీ సద్ది గిన్నె తెచ్చింది. మొగుడి చేతికి అందిస్తూ ఆగిపోయింది.

“ఏం జీ, చెయ్యి వణకతాంది?”

“ఎండ.”

“ఎండ నీకు కొత్తనా?”

“నువ్వు ఈపొద్దు మీ అక్క ఖమర్‌బీ ఇంటికి పో. నేనొచ్చి పిలిస్తేనే రా.”

ఆమె అతని ముఖంలోకి చూసింది. ఇన్నేళ్ల కాపురంలో అతను భయపడటం ఆమెకు కొత్త కాదు. కానీ రోజూ భయపడే మనిషి భయం ఎలా ఉంటుందో తెలుసు. ఇది అది కాదు. కొంగు నెత్తి మీదికి లాక్కుని వెళ్లిపోయింది.

ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఎదురుగా జీపు. బానెట్ మీద నరసమ్మ ఎండలో ఆరుతోంది. ఎందుకో తల్లి జానీబీ గుర్తొచ్చింది. ఒకసారి ఒకే యజమాని బస్సులు రెండింటికి, లింగాల పోయేదానికీ పెండ్లిమర్రి పోయేదానికీ, ఒకటే పేరు రాశాడు. జానీబీ దూరం నుంచే పేరు చదివేసి, ఎవరినీ అడగాల్సిన పనిలేదని మురిసిపోతూ ఎక్కి కూర్చుంది. లింగాలలో పెళ్లికని బయల్దేరిన మనిషి పెండ్లిమర్రిలో దిగింది. మరునాడు ఇల్లు చేరి కొడుకును తిట్టిన తిట్టు ఇప్పటికీ వీధిలో చెప్పుకుంటారు. “నీ అక్షరం బాగనే కనపడింది రా నాయనా. బస్సే వేరే.”

కమాల్ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

లేచాడు. తెల్ల రంగు డబ్బా, రెండు కుంచెలు, సుద్ద దారం సంచిలో వేసుకున్నాడు. లీలమ్మ రేకును గోడకు ఆనించి పెట్టాడు.

“నా బోర్డు అన్నా?” లీలమ్మ అడిగింది.

“వచ్చి పెడ్తా తల్లీ. సాయంత్రానికి పెడ్తా.”

జమ్మలమడుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. సంచి ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకున్నాడు. వెనక మోటారు సైకిలు చప్పుడు వినిపించిన ప్రతిసారీ తల కిందికి దించుకున్నాడు. ఒక వంతెన మీద బస్సు నెమ్మదించినప్పుడు దిగి వెనక్కి పోదామనుకున్నాడు. కాలు కూడా ముందుకు పెట్టాడు. కండక్టరు “యాడికప్పా?” అంటే మళ్లీ కూర్చున్నాడు.

చెన్నక్రిష్ణారెడ్డి ఇల్లు ఊరి చివర ఉంది. బండరాతి ప్రహరీ, ఇనుప గేటు, మిద్దె మీద తుపాకితో ఇద్దరు. గేటు దగ్గర మనిషి కమాల్ లుంగీ, జేబులు తడిమాడు. రంగు డబ్బా మూత తీయించి, పుల్ల పెట్టి అడుగు దాకా కలిపి చూశాడు. పుల్ల తెల్లగా బయటికి రావడం చూసి లోపలికి వదిలాడు.

రెడ్డి వేపచెట్టు కింద నులక మంచం మీద ఉన్నాడు. పెద్ద వయసు. తాటాకు విసనకర్రతో తనే విసురుకుంటున్నాడు. కమాల్ ఇంతకుముందు ఆయన్ని గోడల మీద బొమ్మగానే చూశాడు.

“ఏంది?”

“సామీ... పొద్దుటూరు పెయింటర్ని. కమాల్ బాషా. పొద్దున అవ్వ పేరు ఒక బండికి రాసినాను.” “కడమ రెండు బండ్లకు గూడా రాద్దామని వచ్చినా.”

“నాగి పంపిచ్చినాడా?”

ఇక్కడ అబద్ధం ఆడొచ్చు. దారి పొడుగునా ఆ అబద్ధాన్నే నోట్లో నూరుకుంటూ వచ్చాడు. తీరా ఆ కళ్లముందు నిలబడ్డాక అది రాలేదు.

“లేదు సామీ. నేనే వచ్చినా. అమ్మ పేరు ఒక బండికుండి రెండిటికి లేకపోతే... బాగుండదని.”

రెడ్డి విసురుకుంటూనే ఉన్నాడు. “నిన్న వాడు వచ్చి అవ్వ పేరు రాపిస్తా మామా అంటే నా కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. యాడ రాసినావు?”

“బానెట్ మీద సామీ. ఇంకా...”

“ఇంకా?”

“టాపు మీద.”

విసనకర్ర ఆగింది.

కమాల్ తన పాదాల వైపు చూస్తున్నాడు. కాలి వేలి మీద పొద్దుటి తెల్ల రంగు చుక్క ఉంది. దాన్నే చూస్తున్నాడు.

“టాపు మీద ఎంత అక్షరం?”

“పళ్లెమంత.”

“ఎంత దూరం నుంచి కనపడ్తాది?”

“శానా దూరం నుంచి సామీ.”

“నువ్వు రాసేటప్పుడు పక్కన ఇంకెవురన్నా ఉండిరా?”

గడ్డం కింద మైనంలా మెరిసే చర్మం కళ్లముందు నిలిచింది. ఆ ఒక్క మాట చెబితే ఇంకో ఇంట్లో ఏడుపు మొదలవుతుంది. తాను వచ్చింది బతికించడానికి.

“ఎండ సామీ. రాసేటప్పుడు నేను అక్షరం తప్ప ఏమీ సూడను.”

విసనకర్ర మళ్లీ ఆడింది, ఈసారి నిదానంగా.

“రాయి. రెండిటికీ రాయి. పైనా ముందరా, అట్లనే, అంతే లావు.” మంచం మీంచి లేస్తూ, ఎటో చూస్తూ అన్నాడు. “రాసినాంక ఈడనే ఉండు ఈపొద్దు. మా మనుషులు అన్నం పెడ్తారు.”

“ఇంట్లో ఆడమనిషి ఒక్కటే ఉండాది సామీ. పోతాను.”

“నీ ఇష్టం.”

కమాల్ రాశాడు. జీవితంలో అంత శ్రద్ధగా ఎన్నడూ రాయలేదు. వణుకుతున్న చెయ్యి కుంచె పట్టగానే ఆగిపోయింది. పొద్దుటి ‘న’ ఎంత వంగిందో అంతే వంగాలి. ‘స’ పొట్ట అంతే తెరుచుకోవాలి. వేలెడు తేడా వచ్చినా కొండ మీది కన్ను పట్టేస్తుంది. రాస్తూ రాస్తూ ఆ పేరును మొదటిసారి చదివాడు. నరసమ్మ. ఎవరో ఒక తల్లి. ఆమెకు కళ్లు బాగా కనిపించేవో లేదో.

తలకట్లు పెట్టేసరికి సామ్యూల్ మూడో జీపు తెచ్చి పక్కన ఆపాడు. దిగి, మూడింటినీ చూసి, నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

“మామా! నువ్వెప్పుడొచ్చినావు ఈడికి? బండెక్కిచ్చుకో అని నన్నడగొచ్చు గదా, ఉత్తపుణ్యానికి బస్సులో...” అని, నవ్వి, “ఇంగ నా బండేదో నాకే తెలీదు పో,” అన్నాడు.

“దావలో నిదానంగా పో సామ్యూలూ.”

“నేనెప్పుడు ఉరికిచ్చినా? నువ్వు పోయి మా ఇంటిదాని బోర్డుకు తలకాయలు పెట్టు ముందు. లేకపోతే నా తలకాయ తీస్తాది.”

నాగిరెడ్డి ఇంట్లోంచి వచ్చాడు. మూడు జీపుల్నీ చూశాడు. కమాల్‌ను చూశాడు. ముఖంలో ఏ గీతా కదలలేదు. రెడ్డి వెనక నుంచి వచ్చి మేనల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. “బాగుండాది కదరా? అవ్వ మూడిట్లోనూ ఉండాది. ఈపొద్దు నువ్వు నా పక్కన కూసో.”

కమాల్ గేటు దాటాడు. బస్టాండు దాకా వెనక్కి తిరిగి చూడలేదు.

బస్టాండు అరుగు మీద ప్రొద్దుటూరు బస్సు కోసం నిలబడి ఉండగా రోడ్డు మీద హారన్లు మోగాయి. మూడు తెల్ల జీపులు దుమ్ము రేపుకుంటూ ముద్దనూరు దారి పట్టాయి. నరసమ్మ, నరసమ్మ, నరసమ్మ. ఒకదాన్నొకటి దాటాయి. కమాల్ కళ్లు చిట్లించి చూశాడు. సామ్యూల్ దేంట్లో ఉన్నాడో ఆ అక్షరాలు రాసినవాడికే తెలియలేదు. నవ్వొచ్చింది. జానీబీ ఉంటే చెప్పాల్సిన సంగతి.

“బాగా రాసినావప్పా.”

పక్కన మోటారు సైకిలు ఆగి ఉంది. దాని మీది మనిషి జీపులు పోయిన వైపే చూస్తున్నాడు. గడ్డం కింద చర్మం సాయంత్రపు ఎండలో మెరిసింది.

“ఎక్కు. పొద్దుటూరు దాకా దింపుతా.”

“బస్సొస్తాది.”

“బస్సెందుకు?” గొంతులో కోపం లేదు. మజ్జిగ ఇచ్చిన రోజు గొంతే. “మీ ఇంటామె ఖమర్‌బీ ఇంట్లో ఉండాది గదా. మసీదు సందులో, పచ్చ తలుపు. ఈడ నువ్వు అరిస్తే, ఆడ మావాళ్లు తలుపు తడ్తారు. ఎక్కు.”

అరుగు మీద చాలామంది ఉన్నారు. ఒకామె బిడ్డకు జంతిక తినిపిస్తోంది. ఇద్దరు ముసలివాళ్లు బీడీ ముట్టించుకుంటున్నారు. కమాల్ వాళ్లందరినీ ఒకసారి చూశాడు. ముఖాలు, కళ్లు. ఇన్నేళ్లుగా చూడకుండా దాటేసినవన్నీ. తర్వాత సంచిలో రంగు ఒలకకుండా డబ్బా మూత వేలితో గట్టిగా నొక్కి, లుంగీ సర్దుకుని వెనక ఎక్కాడు.

ప్రొద్దుటూరు బస్సు వచ్చింది. పోయింది. కమాల్ ఆ రాత్రి ఇల్లు చేరలేదు. మరునాడు పెన్న ఇసుకలో చాకలివాళ్లు శవాన్ని చూసి కబురు చేశారు. మసీదు సందులో పచ్చ తలుపును మాత్రం ఎవరూ తట్టలేదు.

సామ్యూల్ పులివెందుల నుంచి క్షేమంగా తిరిగొచ్చాడు. కొండ మలుపు దగ్గర ఎవరో పైన కదిలినట్టు అనిపించిందని, ఏమీ జరగలేదని అందరికీ చెప్పాడు. నాగిరెడ్డి ఆ తర్వాత ఆ ఊళ్లో కనిపించలేదు. ఎక్కడున్నాడని అడిగినవాళ్లూ లేరు. మూడు జీపుల మీద ఎందుకు రాశాడన్నది సామ్యూల్‌కు అర్థం కావడానికి కమాల్ పోయిన నలభయ్యో నాటి ఫాతిహా కూడా అయిపోవాల్సి వచ్చింది. అర్థమైన రోజు జీపు తాళాలు రెడ్డి మంచం మీద పెట్టేసి వచ్చాడు. ఆనాటి నుంచి పెళ్లాం అంగట్లో గ్లాసులు కడుగుతున్నాడు. నవ్వితే అతని భుజాలు కదలడం మానేశాయి.

కడప నుంచి వచ్చిన కొత్త పెయింటరు ఒకడు టీ తాగుతూ రేకును చూసి, “అక్కా, తలకట్లు నేను పెట్టేస్తా, నిమిషం పని,” అన్నాడు.

“వద్దప్పా,” అంది లీలమ్మ. “కనపడ్తాంది కదా.”

టీ అంగడి చూరుకు ఆ రేకు ఇప్పటికీ వేలాడుతోంది. ఎరుపు ఇటుకరంగుకు తిరిగింది. ఎన్ని వానలు పడ్డా ఒక్క కొస కూడా రాలలేదు. తలకట్లు లేని బూరె అక్షరాలు, కుంచె తిరిగొస్తుందని ఒళ్లు ఆరబెట్టుకుని కూర్చున్నట్టు, వీధి ఆ చివర దాకా కనిపిస్తున్నాయి.